కంటి కదలికకు అంకె వేయడం

ఇద్దరు రోగులను ఊహించుకోండి. మొదటాయనకు అరవై ఏళ్లు, చాలాకాలంగా షుగరు ఉంది. పొద్దున లేచేసరికి కుడి రెప్ప వాలిపోయింది. వేలితో రెప్ప పైకెత్తి చూస్తే కనుగుడ్డు బయటి వైపుకు, కిందికి తిరిగిపోయి ఉంది. గోడ మీద గడియారం రెండుగా కనిపిస్తోంది. కంటిపాప మాత్రం మామూలుగానే ఉంది, టార్చి వేస్తే ముడుచుకుంటోంది. రెండో ఆవిడకు నలభై అయిదు. ఆమెకూ కుడి రెప్పే వాలింది, కనుగుడ్డూ అలాగే తిరిగింది. కానీ కంటిపాప పెద్దదైపోయి వెలుగుకు చలించడం లేదు. తల పగిలిపోతున్నంత నొప్పి.

మొదటాయనది చాలావరకు మూడు నెలల్లో తనంతట తనే సర్దుకునే జబ్బు. రెండో ఆవిడకు మెదడు అడుగున ఒక ధమని బుడగలా ఉబ్బి నాడిని నొక్కుతూ ఉండవచ్చు. అది చిట్లితే ప్రాణం మీదికి వస్తుంది. ఆమెను ఆ రోజే స్కానింగుకు పంపాలి. ఇద్దరి కాగితాల మీదా పడే రోగనిర్ణయపు కోడు మాత్రం ఒకటే: హెచ్49.0, మూడో నాడి పక్షవాతం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపే అంతర్జాతీయ రోగ వర్గీకరణ పదో కూర్పులో కంటి జబ్బులన్నీ హెచ్00 నుంచి హెచ్59 దాకా ఉంటాయి. కన్ను కదలడంలో వచ్చే తేడాలకు అందులో నాలుగు గదులు కేటాయించారు. పక్షవాతం వల్ల వచ్చే మెల్లకన్ను హెచ్49, మిగతా మెల్లకన్నులు హెచ్50, రెండు కళ్లూ జతగా కదలడంలో వచ్చే ఇతర లోపాలు హెచ్51, కనుగుడ్లు వాటంతట అవే ఊగే నిస్టాగ్మస్ హెచ్55. చూడటానికి తీరుగా ఉన్న ఈ అమరిక ఏం పట్టుకుంటుంది, ఏం జారవిడుస్తుంది అన్నదే ఈ అధ్యాయం. నా ఉద్దేశం ముందే చెబుతాను. కంటి కదలిక మెదడు లోపలి సంగతులు బయటపెట్టే సూచన. వర్గీకరణ దాన్ని కంటి జబ్బుగా లెక్క రాసుకుంది. తక్కిన చిక్కుల్లో చాలావరకు అక్కడి నుంచే పుట్టాయి.

ముందు ఆ ఇద్దరి కథ ముగిద్దాం. ఒక్కో కంటిని ఆరు కండరాలు తిప్పుతాయి. వాటిలో నాలుగింటికి, పై రెప్పను ఎత్తే కండరానికి, కంటిపాపను ముడిచే కండరానికి ఆజ్ఞలు మోసేది మూడో కపాల నాడి. నాలుగో నాడి ఒక్క కండరాన్నీ, ఆరో నాడి ఇంకొక్క కండరాన్నీ చూసుకుంటాయి. మూడో నాడిలో కంటిపాపకు వెళ్లే పోగులు పైపొరలో నడుస్తాయి. బయటి నుంచి ఏదైనా నొక్కితే ముందుగా నలిగేవి అవే. షుగరు వల్ల సన్నని రక్తనాళాలు మూసుకుపోయినప్పుడు దెబ్బతినేది నాడి లోపలి భాగం. పైపొర చాలాసార్లు బతికిపోతుంది. అందుకే కంటి వైద్యంలోనైనా, నరాల వైద్యంలోనైనా మూడో నాడి పడిపోయిందనగానే పెద్ద డాక్టరు అడిగే మొదటి ప్రశ్న, ‘పాప ఎలా ఉంది?’

ఆ ప్రశ్నకు జవాబు రాసుకునే చోటు హెచ్49.0లో లేదు.

కోడింగు తెలిసినవారు ఇక్కడ అభ్యంతరం చెబుతారు. కారణానికి వేరే కోడు జతచేస్తాం కదా అంటారు. నిజమే. చిట్లని ఉబ్బు అయితే ఐ67.1, ఆ ధమని చిట్లి మెదడు పొరల కింద రక్తం చేరితే ఐ60.3, షుగరు నరాలను దెబ్బతీస్తే ఇ అక్షరం కింద మరో అంకె. కానీ ఇవన్నీ కారణం తేలాక వేసేవి. అమెరికా నియమాల ప్రకారం ఓపీలో చూసిన రోగికి ‘కావచ్చు’, ‘అనుమానం’ అని డాక్టరు రాసిన జబ్బుకు కోడు వేయకూడదు. తేలినంత వరకే వేయాలి. దాంతో ఆ ఇద్దరి మధ్య తేడా ఎక్కువ అవసరమయ్యే తొలి గంటల్లోనే కోడు ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెడుతుంది. నియమం తప్పని నేననను. అనుమానాలన్నిటికీ అంకెలు వేస్తే, స్కానింగులో ఏమీ లేదని తేలిన మనిషి రికార్డులో కూడా మెదడు ధమని జబ్బు జన్మంతా నిలిచిపోతుంది.

ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే ఈ వర్గీకరణ పుస్తకం దేనికోసం పుట్టిందో గుర్తుంచుకోవాలి. చావుల లెక్క కోసం. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు జనన మరణ రిజిస్ట్రారు కార్యాలయంలో విలియం ఫార్ మొదలుపెట్టిన వాదన, 1853లో బ్రస్సెల్స్ గణాంక సభ, 1893లో చికాగోలో ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్తియోఁ ఇచ్చిన జాబితా, ఇవన్నీ మరణ కారణాలకు ఒక ఉమ్మడి పట్టిక కోసమే. మెల్లకన్నుతో ఎవరూ చనిపోరు. బతికున్నవారి జబ్బులు పట్టికలోకి వచ్చింది 1948లో ఆరో కూర్పుతో, ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చాకే. చావు కాగితం నింపేవాడికి కావలసినది ఒక మనిషికి ఒక మూల కారణం. ఓపీలో కూర్చున్న డాక్టరుకు కావలసినది వేరు. పిన్ కోడు ఉత్తరాన్ని సరైన పోస్టాఫీసుకు చేరుస్తుంది కానీ ఇంట్లో ఎవరికి జ్వరమో చెప్పదు. ఈ కోడు పనీ అలాంటిదే.

తొమ్మిదో కూర్పు దాకా కన్ను, చెవి, మెదడు ఒకే అధ్యాయంలో ఉండేవి. ‘నాడీ వ్యవస్థ, జ్ఞానేంద్రియాల జబ్బులు’ అని ఆ అధ్యాయం పేరు. 320 నుంచి 389 వరకు అంకెలు. మెల్లకన్ను 378, నిస్టాగ్మస్ 379.5. ఒకే కప్పు కింద కాపురం. 1990లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన పదో కూర్పు ఆ ఇంటిని మూడుగా పంచింది. నాడీ వ్యవస్థకు జి అక్షరం, కంటికి హెచ్ అక్షరంలో మొదటి అరవై అంకెలు, చెవికి అదే హెచ్‌లో మిగిలినవి. కంటి వైద్యులకు, చెవి వైద్యులకు ఇది గౌరవమే. జబ్బుల సంఖ్య పెరిగింది, గదులు చాలడం లేదు, పంపకం తప్పలేదు. కానీ కంటి కదలిక అనే ఉమ్మడి ఆస్తి ఎవరి వాటాకు వెళ్లాలి?

వాటాలు ఎలా పడ్డాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1964లో టొరంటోకు చెందిన స్టీల్, రిచర్డ్‌సన్, ఓల్షెవ్‌స్కీ ఒక వింత జబ్బును వర్ణించారు. పెద్ద వయసులో మొదలవుతుంది. మనిషి ఉన్నట్టుండి వెనక్కి పడిపోతుంటాడు, మెడ బిగుసుకుంటుంది, కిందికి చూడలేడు. కంచంలో అన్నం ఉంది, కళ్లు దాని మీదికి దిగవు. మెట్లు కనిపించవు. అదే మనిషి తలను డాక్టరు చేత్తో పట్టుకుని పైకి వంచితే కళ్లు చక్కగా కిందికి దిగుతాయి. అంటే కండరాలూ నాడులూ బాగానే ఉన్నాయి, పై నుంచి రావలసిన ఆజ్ఞ రావడం లేదు. పదో కూర్పు దీన్ని కంటి కదలిక స్తంభించే జబ్బుగానే పేర్కొంది. గదేమో మెదడు అధ్యాయంలో, పార్కిన్సన్ జబ్బుకు దగ్గరగా, జి23.1. హెచ్49 కింద ‘ఇది ఇక్కడ కాదు, అక్కడికి వెళ్లండి’ అని ఒక సూచన పెట్టారు. నా దృష్టిలో ఇది సరైన పంపకం. ఆ మనిషిని కన్ను ఒక్కటే ఇబ్బంది పెట్టడం లేదు.

తక్కినవి ఇంకా దూరదూరంగా చెదిరాయి. కండరాలు అలసిపోయే మయస్థీనియా గ్రేవిస్‌లో సాయంత్రానికి రెప్పలు వాలి, ఒకటి రెండుగా కనిపించడమే చాలామందికి తొలి లక్షణం. దాని కోడు జి70.0. థైరాయిడ్ వల్ల కంటి కండరాలు ఉబ్బి బిగుసుకుంటే ఇ అక్షరం. బి1 విటమిన్ కరువైనప్పుడు వచ్చే వెర్నికి జబ్బుదీ ఇ అక్షరమే, ఇ51.2. దీని గురించి ఒక్క మాట. మద్యం అతిగా తాగేవారిలో వస్తుందని అందరికీ తెలుసు. ఆగకుండా వాంతులయ్యే గర్భిణులకూ రావచ్చన్నది అంతగా తెలియదు. కళ్లు పక్కకు తిరగకపోవడం, ఊగడం, నడక తూలడం, మనసు తికమక. వెంటనే విటమిన్ ఎక్కిస్తే కళ్లు కొన్ని గంటల్లో తిరగడం మొదలుపెడతాయి. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి మళ్లీ రాదు. ఇంత తొందరగా కళ్లలో జవాబు కనిపించే జబ్బులు వైద్యంలో తక్కువ. అయినా పోషకాహార లోపాల అధ్యాయంలో బెరిబెరి పక్కన కూర్చుని ఉంటుంది. కంటి జబ్బుల లెక్క తీసేవారికి అది కనిపించదు.

వర్గీకరణ బాగా చూసిన చోటు కూడా ఉంది. హెచ్49కీ హెచ్50కీ మధ్య గీసిన గీత అది. చిన్న పిల్లలకు వచ్చే మామూలు మెల్లకన్నులో కన్ను ఎటు చూసినా మెల్ల ఇంచుమించు ఒకేలా ఉంటుంది. నాడి చచ్చుబడితే అలా కాదు. ఆ కండరం లాగవలసిన వైపు చూసినప్పుడు మెల్ల పెరుగుతుంది, ఎదుటి వైపు చూస్తే తగ్గుతుంది. మొదటిదానికి కళ్లజోడో, బాగున్న కంటికి పట్టీ కట్టడమో, శస్త్రచికిత్సో కావాలి. రెండోదానికి కారణం వెతకాలి. ముఖ్యంగా ఆరో నాడి. పుర్రెలో ఒత్తిడి పెరిగితే, గడ్డ ఎక్కడున్నా సరే, ముందు కుంటుపడేది చాలాసార్లు ఈ నాడే. కాబట్టి కొత్తగా లోపలికి మెల్ల పడిన పిల్లవాడి కాగితం మీద హెచ్50.0 పడిందా, హెచ్49.2 పడిందా అన్నది గుమాస్తా తేడా కాదు. మెల్లకన్ను అదృష్టమని చెప్పే పెద్దలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. అదృష్టం మాట అటుంచి, పట్టించుకోకపోతే ఆ కంటి చూపు మెదడులో ఎదగకుండా ఆగిపోతుంది. దానికి హెచ్53.0 అని వేరే అంకె ఉంది.

ఇక హెచ్55. నాకు ఎక్కువ కోపం తెప్పించే గది ఇదే.

నిస్టాగ్మస్‌లో కళ్లు ఆగకుండా ఊగుతాయి. కొన్నింటిలో గడియారం లోలకంలా రెండు వైపులా ఒకే వేగం. ఎక్కువవాటిలో ఒకవైపు మెల్లగా జారి, ఇంకోవైపు చటుక్కున ఎగురుతాయి. ఆ ఎగిరే వైపును బట్టే దాని దిశ చెబుతారు. డాక్టరుకు దిశే ప్రాణం. కళ్లు పైకి జారి కిందికి ఎగురుతుంటే చిన్నమెదడు కింది భాగం మీద, పుర్రె మెడతో కలిసే చోటు మీద చూపు పడాలి. చిన్నమెదడు కొస పుర్రె రంధ్రంలోంచి కిందికి దిగే కియారి లోపం అలాంటిది. కొన్నిసార్లు లిథియం మాత్రలో, మెగ్నీషియం కొరతో కూడా కారణం కావచ్చు. ఒక కన్ను పైకి లేస్తుంటే రెండోది కిందికి దిగుతూ, తిరిగి మారుతూ ఉంటే రెండు చూపు నాడులూ కలిసే చోట గడ్డ ఉందేమో వెతకాలి. ఇంకొకటి ఇంకా విచిత్రం. కళ్లు సుమారు తొంభై సెకన్లు ఒకవైపు ఎగిరి, కాసేపు సద్దుమణిగి, తర్వాత రెండో వైపు ఎగరడం మొదలుపెడతాయి. ఓపీ రద్దీలో అరనిమిషం చూసిన డాక్టరుకు మామూలు నిస్టాగ్మస్‌గానే కనిపిస్తుంది. రెండు మూడు నిమిషాలు ఓపిగ్గా చూసినవాడికే ఈ మార్పు దొరుకుతుంది. దొరికితే లాభముంది, బాక్లోఫెన్ అనే మందుకు ఇది చాలాసార్లు లొంగుతుంది.

కిందికి ఎగిరేది, ఎదురుబొదురుగా ఊగేది, దిశ మార్చేది, మూడూ అమెరికా వాడే విస్తృత కోడు పుస్తకంలో ఒకే చోట చేరతాయి. హెచ్55.09, ‘ఇతర రకాల నిస్టాగ్మస్’. మెదడులో మూడు వేర్వేరు చోట్ల జబ్బు, రెండు మూడు వేర్వేరు చికిత్సలు, ఒక ‘ఇతర’. ఈ పుస్తకమే ఆరో నాడి పక్షవాతానికి కుడి కన్నా, ఎడమ కన్నా, రెండూనా అని విడదీసి హెచ్49.21, 22, 23 అని మూడు అంకెలిచ్చింది. ఏ కన్నో చెప్పమని పట్టుబట్టే పుస్తకం, కన్ను ఎటు కొట్టుకుంటోందో అడగదు. కుడి ఎడమలు బిల్లుకు అవసరం, అందుకే వచ్చాయి. దిశ రోగనిర్ణయానికి అవసరం, అందుకే రాలేదనిపిస్తుంది.

దిశ ఎంత విలువైనదో 2009లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. ఉన్నట్టుండి తల గిర్రున తిరిగి, వాంతులై, గంటల తరబడి తగ్గని మనిషి వచ్చాడు. లోపలి చెవి నాడి వాపా, మెదడులో పక్షవాతమా? న్యూమన్-టోకర్, కట్టా తదితరులు పక్షవాతం ముప్పు ఎక్కువగా ఉన్న 101 మందిని మంచం పక్కనే మూడు పనులతో పరీక్షించారు. తలను చటుక్కున తిప్పినప్పుడు కళ్లు గురి మీద నిలుస్తున్నాయా, నిస్టాగ్మస్ దిశ చూపుతో పాటు మారుతోందా, ఒక్కో కన్ను మూసి తెరిస్తే కళ్లు ఎత్తు మారుతున్నాయా. ఈ మూడూ కలిపి చూస్తే తొలిరోజుల్లో తీసిన ఎంఆర్ఐ కన్నా మెరుగ్గా పక్షవాతాన్ని పట్టుకున్నాయి. అనుభవమున్న కళ్లే ఆ పరీక్ష చేశాయన్నది మరువకూడదు. పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలు. ఆ తర్వాత కోడు వేసేటప్పుడు ఈ మూడు జవాబుల్లో ఏదీ మిగలదు. చెవి నాడి వాపైతే హెచ్81.2, పక్షవాతమైతే ఐ63 అని పడుతుంది. నిర్ణయం మిగులుతుంది, దానికి దారి చూపిన కన్ను లెక్కలోంచి పోతుంది. చెవిలోని సున్నపు రేణువులు జారి పడుకోగానే తల తిరిగే జబ్బుదీ అదే తంతు. 1952లో డిక్స్, హాల్‌పైక్ చెప్పిన పరీక్షలో రోగిని వెనక్కి పడుకోబెట్టి చూసేది కళ్లే. వేసేది చెవి కోడు, హెచ్81.1.

పసిపిల్లల నిస్టాగ్మస్‌కు హెచ్55.01 అనే గది ఉంది, పుట్టుకతో వచ్చేదని దాని మీద రాసి ఉంటుంది. తల్లులు చెప్పేది వేరు. పుట్టినప్పుడు కళ్లు బాగానే ఉన్నాయి, రెండు మూడు నెలలకు ఊగడం మొదలైంది అంటారు. తల్లుల మాటే నిజం. 2001లో అమెరికా జాతీయ నేత్ర సంస్థ ఆధ్వర్యంలో నిపుణులు కూర్చుని కంటి కదలికల లోపాలకు ఒక కొత్త వర్గీకరణ తయారుచేశారు. అందులో దీన్ని శైశవ నిస్టాగ్మస్ అన్నారు. 2006లో ఎక్స్ క్రోమోజోము మీద దీనికి సంబంధించిన ఒక జన్యువు కూడా దొరికింది. కోడు పుస్తకం మాత్రం పాత పేరు మార్చలేదు. నిపుణుల పట్టిక ఒకటి, బిల్లుల పట్టిక ఇంకొకటి. రెండూ ఒకే పిల్లవాడి గురించే మాట్లాడుతుంటాయి.

ఆ పుస్తకంలోని అక్షర సూచికను తిరగేస్తే ఒక వింత కనిపిస్తుంది. నిస్టాగ్మస్ కింద ‘గని కార్మికుల’ అని ఒక పద్దు, ఎదురుగా హెచ్55.09. ఇప్పుడు ఆ రోగులు ఇంచుమించు లేరు. వందేళ్ల కిందట బ్రిటన్ బొగ్గు గనుల్లో వేలమంది ఉండేవారు. పేలుడు వాయువు భయంతో గనుల్లో వాడిన భద్రతా దీపాలు మిణుకుమిణుకుమనేవి. ఆ మసక వెలుగులో ఏళ్ల తరబడి బొగ్గు కొట్టిన మనుషులకు కనుగుడ్లు తిరగడం, వెలుగు భరించలేకపోవడం, సంజె వేళ దారి తెలియకపోవడం మొదలయ్యేవి. షెఫీల్డు కంటి వైద్యుడు సిమియన్ స్నెల్ 1892లో దీని మీద పుస్తకమే రాశాడు. 1907లో బ్రిటన్ దీన్ని కార్మికుల నష్టపరిహార చట్టం కింద చేర్చింది. అంతే, కంటి కదలికకు డబ్బు విలువ వచ్చింది. ఇది నిజమైన జబ్బా, మనోవ్యాధా, పరిహారం కోసం నటనా అని యజమానుల డాక్టర్లకూ కార్మికుల డాక్టర్లకూ మధ్య దశాబ్దాలు వాదన నడిచింది. కళ్లు ఊగుతూ ఉంటేనే జబ్బు ఉన్నట్టా? ఊగడం ఆగి, తలనొప్పి, భయం మిగిలితే పరిహారం ఆపేయాలా? వైద్య పరిశోధన మండలి కమిటీ 1922లో వెలుతురు చాలకపోవడమే కారణమంది. గనుల్లోకి మంచి విద్యుత్ దీపాలు వచ్చాక జబ్బు కరిగిపోయింది.

రోగి మాయమైనా పద్దు మిగిలింది. సూచికలో చోటు ఇవ్వడం తేలిక, తీసేయడం కష్టం. పాత రికార్డులు చదివేవాడికి అదొక్కటే దారి కావచ్చు. ఒక వర్గీకరణలో ఏ జబ్బుకు పేరు దక్కిందో, దేనికి దక్కలేదో చూస్తే ఆ కాలంలో ఎవరు ఎవరికి డబ్బు బాకీ ఉన్నారో కొంత తెలుస్తుంది. కిందికి కొట్టుకునే నిస్టాగ్మస్‌కు ఏ చట్టమూ పరిహారం ఇవ్వలేదు. దానికి సొంత అంకె లేదు.

దీనికి ఎదురుగా, పేరు పోగొట్టుకుని తిరిగి తెచ్చుకున్న కదలిక ఒకటుంది. మనం ఎగిరే పిట్టను చూపుతో వెంబడించినప్పుడు కళ్లు మెత్తగా జారుతూ పోతాయి. పేజీలో ఒక మాట నుంచి ఇంకో మాటకు దూకినప్పుడు చటుక్కున ఎగురుతాయి. రెండింటికీ మెదడులో దారులు చాలావరకు వేరు. తలకు దెబ్బ తగిలినవారిలో, చిన్నమెదడు జబ్బుల్లో, పార్కిన్సన్‌లో ఇవి వేర్వేరు తీరుల్లో చెడతాయి. అమెరికా పాత తొమ్మిదో కూర్పులో ఎగిరే కదలిక లోపానికి 379.57, వెంబడించే కదలిక లోపానికి 379.58 అని రెండు అంకెలు ఉండేవి. 2015 అక్టోబరు 1న అక్కడి ఆస్పత్రులన్నీ పదో కూర్పుకు మారాయి. కోడులు సుమారు 14 వేల నుంచి 70 వేల దగ్గరికి పెరిగాయి. అంత వరదలోనూ వెంబడించే కదలికకు మాత్రం సొంత గది దొరకలేదు. ఎగిరే కదలికకు హెచ్55.81 వచ్చింది, రెండోది ‘ఇతరాల’లో కలిసిపోయింది. 2020 అక్టోబరు 1న హెచ్55.82 పుట్టాక గానీ అది మళ్లీ లెక్కలోకి రాలేదు. మధ్యలో అయిదేళ్లు. ఆ అయిదేళ్లలో ఆ లోపం ఎవరికీ రాలేదని కాదు. కోడుల ఆధారంగా ఎవరైనా గ్రాఫు గీస్తే మాత్రం ఉన్నట్టుండి మాయమై, ఉన్నట్టుండి విజృంభించిన అంటువ్యాధిలా కనిపిస్తుంది. ఆస్పత్రి రికార్డులతో పరిశోధన చేసే కుర్రవాళ్లకు ఈ గ్రాఫు చూపించి భయపెట్టాలి.

ఈ అంకెలు వేసేది ఎవరు? డాక్టరు రాసిన నోటు చదివి కోడు వేసే ఉద్యోగం ఒకటుంది. మన తెలుగువారికి అది కొత్త కాదు. హైదరాబాదు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డుల మధ్య మెడికల్ కోడింగు బోర్డులు వేలాడుతూ ఉంటాయి. బీఫార్మసీ, నర్సింగు, బయోటెక్నాలజీ, ఫిజియోథెరపీ చదివిన పిల్లలు అక్కడ శరీర నిర్మాణం వల్లెవేసి, సీపీసీ అనే కోడర్ల అర్హత పరీక్ష రాసి, అమెరికా ఆస్పత్రుల నోట్లకు ఇక్కడి నుంచి అంకెలు వేస్తారు. మన ఆరోగ్యశ్రీ లాంటి పథకాల్లో చెల్లింపు చికిత్స ప్యాకేజీని బట్టి ఉంటుంది. అమెరికా బీమా కంపెనీకి రోగనిర్ణయపు కోడు, చేసిన పని కోడు పొంతన కుదరాలి, లేదంటే బిల్లు తిప్పికొడుతుంది. కాబట్టి ఈ పిల్లలు ఎన్నడూ చూడని రోగి కన్ను ఎలా కదిలిందో నోటులోని నాలుగు మాటల్లోంచి ఊహించాలి.

పద్ధతి కచ్చితంగా ఉంటుంది. ముందు అక్షర సూచికలో మాట వెతకాలి, తర్వాత అసలు పట్టికకు వెళ్లి అక్కడి సూచనలు, మినహాయింపులు చదవాలి. సూచిక చూసి నేరుగా కోడు వేసేస్తే తప్పు. నోటులో లేనిది ఊహించి రాయడం ఇంకా పెద్ద తప్పు. ‘ఆరో నాడి పక్షవాతం’ అని రాసి ఏ కన్నో డాక్టరు రాయకపోతే రెండు దారులు: ‘తెలుపలేదు’ అనే హెచ్49.20 వేయడం, లేదా క్వెరీ పంపి డాక్టరును అడగడం. క్వెరీలో ‘ఎడమ కన్నే కదా’ అని జవాబు నోటికి అందించకూడదు. ఈ వృత్తి మీద నాకున్న గౌరవానికి ఈ నియమం ఒక కారణం. అంకెలు నింపే పని అని తక్కువ చేసేవారు ఒక నరాల డాక్టరు నోటు తెచ్చుకుని, సూచికా పట్టికా పక్కన పెట్టుకుని ఒక గంట కూర్చుంటే సరిపోతుంది.

పదకొండో కూర్పు 2019 మేలో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదం పొంది 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఇందులో పంపకం తీరు మారింది. అడుగున ఒక పెద్ద పునాది పట్టిక ఉంటుంది. అక్కడ ఒక జబ్బుకు ఒకరి కన్నా ఎక్కువ మంది తల్లిదండ్రులు ఉండవచ్చు. కంటి బిడ్డా కావచ్చు, మెదడు బిడ్డా కావచ్చు. దాని మీద గణాంకాల కోసం తీసే జాబితాలో మాత్రం రెండుసార్లు లెక్కపడకుండా ఒక్క ఇల్లే ఇస్తారు. కుడి ఎడమలను ప్రతి జబ్బు కోడులోనూ ఇరికించకుండా విడి తోక కోడులుగా చేశారు, కావలసినవాళ్లు తగిలించుకోవచ్చు. కారణం కోడును, లక్షణం కోడును గీత పెట్టి ఒకే గుత్తిగా రాయవచ్చు. మొదట్లో చూసిన ఆ ఇద్దరి మూడో నాడులూ కారణం తేలాక ఇలా రెండు వేర్వేరు గుత్తులవుతాయి. సున్నాతోనూ ఒకటితోనూ పొరబడకుండా ఓ, ఐ అక్షరాలను కోడుల్లోంచి తీసేయడం చిన్న సంగతే గానీ, చేతిరాత చదివి కళ్లు పోగొట్టుకున్న ఎవరో పట్టుబట్టి సాధించినట్టుంది.

కిందికి చూడలేని ఆ టొరంటో జబ్బు పదకొండో కూర్పులో 8ఎ00.10గా పార్కిన్సన్ కుటుంబంలోకే వెళ్లింది. చూపు వ్యవస్థ 9వ అధ్యాయం, చెవి 10వ అధ్యాయం. గోడలు ఉన్నాయి కానీ పునాది పట్టికలో తలుపులు పెట్టారు. ఆ తలుపులు వాడుకోవాలంటే నోటులో దిశ, వేగం, కంటిపాప సంగతి రాసి ఉండాలి. ‘నిస్టాగ్మస్ ప్లస్’ అని రాసి సంతకం పెట్టిన నోటుకు ఏ కూర్పు అయినా ఒకటే. ఇక అమెరికా ఇంకా పదో కూర్పుతోనే బిల్లులు నడుపుతోంది. కాబట్టి అమీర్‌పేట తరగతుల్లో నేర్పేదీ అదే పుస్తకం. కోడరు పంపిన క్వెరీకి డాక్టరు శ్రద్ధగా ‘కిందికి కొట్టుకుంటోంది, పక్కలకు చూస్తే పెరుగుతోంది’ అని జవాబు రాసినా అది హెచ్55.09లోకే వెళుతుంది.